పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ల సోర్స్ కోడ్ విడుదల: ఒక చారిత్రక పరిశీలన

మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు శాసనం కాకతీయుల వంశక్రమాన్ని తెలిపే ముఖ్య ఆధారాలలో ఒకటి. గణపతిదేవుని సోదరి మైలాంబ చెరువు తవ్వించిన సందర్భంగా తన పుట్టింటి వంశాన్ని రాతిమీద చెక్కించింది. వందల ఏళ్లు గడిచాక కూడా ఆ రాయిని చదవడానికి మనకు కావలసినవి రెండే: లిపి తెలియాలి, భాష తెలియాలి. ఏ యంత్రమూ అక్కరలేదు. ఎవరి లైసెన్సూ అక్కరలేదు.

ఇప్పుడు 1995 నాటి ఒక ఫ్లాపీ డిస్కును తీసుకుందాం. అందులో ఒక గ్రామ సహకార సంఘం లెక్కలో, ఒక ఊరి చరిత్ర రాతప్రతో ఉందనుకుందాం. దాన్ని చదవాలంటే ఫ్లాపీ డ్రైవ్ కావాలి, ఆనాటి ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి, ఆ ఫైలును తయారుచేసిన ప్రోగ్రాం కావాలి, అందులో వాడిన తెలుగు ఫాంటు కావాలి. నాలుగూ ఒకేచోట దొరకాలి. మొదటిది పాత సామాన్ల దుకాణంలో దొరకవచ్చు. మిగిలిన మూడూ ఎవరో ఒకరి మేధో సంపత్తి. ముప్ఫై ఏళ్ల నాటి పత్రం చదవడం కాకతీయుల నాటి శాసనం చదవడం కంటే కష్టమైపోవడం చరిత్ర విద్యార్థులు పట్టించుకోవలసిన విషయం. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లను వాటి యజమానులు ఓపెన్ సోర్స్‌గా విడుదల చేయడం అనే పరిణామాన్ని ఈ దృష్టితోనే ఇక్కడ పరిశీలిస్తున్నాం. ఇది కంప్యూటర్ సైన్స్ పాఠం కదా అని కౌన్సెలింగ్ తరగతుల్లో అడిగేవారుంటారు. కాదు, ఇది ఆధారాల పాఠం.

మూడు జిల్లాల ఆధారాలు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. వీటిలో ఎక్కువ భాగం పాత వరంగల్ జిల్లాది. అయితే బయ్యారం, గార్ల మండలాలు ఖమ్మం నుంచి, మహాదేవపూర్, కాటారం వంటివి కరీంనగర్ నుంచి వచ్చి చేరాయి. కాబట్టి ఈ జిల్లాల మీద పనిచేసే విద్యార్థి 2016కు ముందు కాలానికి మూడు పాత జిల్లా కేంద్రాల దస్త్రాలను వెతకాలి. ఆ వెతుకులాట మధ్యలో ఒకచోట కాగితం ఆగిపోయి కంప్యూటర్ మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ శాఖలో ఆ మలుపు 1998లో వచ్చింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'కార్డ్' అనే కంప్యూటరీకరణ పథకాన్ని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ప్రారంభించింది. భూమి రికార్డుల విషయంలో 2020లో ధరణి, 2025లో భూ భారతి వచ్చాయి.

వ్యవస్థ మారిన ప్రతిసారీ పాత రికార్డు కొత్త ప్రోగ్రాంలోకి తరలుతుంది. తరలింపులో ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది ప్రోగ్రాం నిర్ణయిస్తుంది. కాగితపు పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. కౌలు రైతు పేరు కనిపించే చోటు అదే. ఒక ప్రోగ్రాంలో అటువంటి కాలమ్ ఉంచాలా వద్దా అన్నది దాన్ని రాయించినవారి నిర్ణయం. ఆ నిర్ణయం ముద్రించిన పత్రంలో కనబడదు, ప్రోగ్రాం లోపల కనబడుతుంది. నిజాం కాలపు సేత్వార్ పత్రాన్ని చదివేటప్పుడు ఆనాటి రెవెన్యూ నిబంధనలను పక్కన పెట్టుకుని చదువుతాం. రేపటి చరిత్రకారుడు మన కాలపు పత్రాన్ని చదివేటప్పుడు ఆ ప్రోగ్రాంనూ, దాన్ని నడిపించిన ఆపరేటింగ్ సిస్టమ్‌నూ పక్కన పెట్టుకోవలసి ఉంటుంది.

సోర్స్ కోడ్, లైసెన్సు

కంప్యూటర్‌లోని ప్రాసెసర్, మెమరీ, డిస్కు, కీబోర్డు వంటి భాగాలను నడిపిస్తూ ఇతర ప్రోగ్రాంలకు ఆధారంగా ఉండే మూల ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టమ్. మనిషి చదవగలిగేలా రాసినది సోర్స్ కోడ్. దాన్ని యంత్రానికి అర్థమయ్యే అంకెలుగా మార్చి అమ్ముతారు. కొన్నవారికి అందేది ఆ అంకెలే. వంట రుచి చూడవచ్చు, ఏం వేసి ఎలా వండారో తెలియదు.

సోర్స్ కోడ్ కనబడినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ కాదు. చదవడం, వాడడం, మార్చడం, మార్చినదాన్ని ఇతరులకు పంచడం, అవసరమైతే వ్యాపారానికి వాడుకోవడం, వీటన్నిటికీ లిఖితపూర్వకంగా అనుమతి ఉండాలి. ఆ అనుమతి పత్రమే లైసెన్సు. పరీక్షలో ఈ తేడా రాయనివారు చాలామంది. దొంగతనంగా బయటపడిన కోడ్ సంగతి వేరే. 2020 సెప్టెంబరులో విండోస్ ఎక్స్‌పీ సోర్స్ కోడ్ ఇంటర్నెట్‌లోకి లీకైంది. అది విడుదల కాదు. విండోస్‌కు ప్రత్యామ్నాయాన్ని సొంతంగా రాస్తున్న రియాక్ట్ఓఎస్ వంటి ప్రాజెక్టులు అటువంటి కోడ్‌ను ముట్టుకోకపోవడమే తమకు రక్షణగా భావిస్తాయి.

యూనిక్స్: ఫొటోకాపీల నుంచి కోర్టు దాకా

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ రాయడం మొదలుపెట్టారు. బెల్ ల్యాబ్స్ యజమాని ఏటీ అండ్ టీ టెలిఫోన్ రంగంలో గుత్తాధిపత్యం ఉన్న సంస్థ. 1956లో ప్రభుత్వంతో కుదిరిన కోర్టు ఒప్పందం ప్రకారం ఇతర వ్యాపారాల్లోకి దిగకూడదు. అందువల్ల యూనిక్స్‌ను సరుకుగా అమ్ముకోలేక, నామమాత్రపు రుసుముతో సోర్స్ కోడ్‌తో సహా విశ్వవిద్యాలయాలకు ఇచ్చింది. ఇందులో ఉదారత కంటే చట్టపు కట్టుబాటే ఎక్కువ అని నా అభిప్రాయం. కట్టుబాటు సడలగానే జరిగినదే దానికి నిదర్శనం.

1977లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు జాన్ లయన్స్ తన విద్యార్థుల కోసం యూనిక్స్ ఆరవ వెర్షన్ కేంద్ర భాగానికి వ్యాఖ్యానం రాశాడు. ఒక సంపుటంలో మూలం, మరొక సంపుటంలో వ్యాఖ్య. మన కావ్యాలకు టీకలు రాసిన పద్ధతే ఇది. కోడ్ మొత్తం పదివేల వరుసలకు లోపే ఉండటంతో ఒక విద్యార్థి ఒక విద్యా సంవత్సరంలో పూర్తిగా చదవగలిగేవాడు. ఆ మూలంలో ఒకచోట, ఇది మీకు అర్థమవుతుందని మేము ఆశించడం లేదు అనే అర్థం వచ్చే వ్యాఖ్యను రచయితలే రాసిపెట్టారు! 1979లో వచ్చిన ఏడవ వెర్షన్ లైసెన్సుతో ఏటీ అండ్ టీ సోర్స్ కోడ్‌ను తరగతి గదిలో బోధించడాన్ని నిషేధించింది. లయన్స్ పుస్తకం ఫొటోకాపీల రూపంలో చేతులు మారుతూ ప్రపంచమంతా తిరిగింది. చట్టబద్ధంగా అచ్చు కావడానికి 1996 దాకా ఆగవలసి వచ్చింది.

నిషేధం ఫలితం ఊహించని వైపు వెళ్లింది. బోధించడానికి కోడ్ లేకుండా పోయిన నెదర్లాండ్స్ ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను సొంతంగా రాశాడు. దాన్ని వాడుతూ నేర్చుకున్న ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ ప్రారంభించాడు. ఈ రోజు మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది లినక్స్ కెర్నెల్ మీదే.

పాత యూనిక్స్ సంగతి ఏమైంది? దాన్ని కాపాడాలని ఆస్ట్రేలియాకే చెందిన వారెన్ టూమీ ఆధ్వర్యంలో కొందరు ఔత్సాహికులు పాత టేపులు సేకరించారు. వీరి విన్నపం మీద 1998లో అప్పటి హక్కుదారు శాంటాక్రూజ్ ఆపరేషన్ 100 డాలర్ల వ్యక్తిగత లైసెన్సు ఇవ్వడానికి ఒప్పుకుంది. 2002 జనవరిలో ఆ వ్యాపారాన్ని కొన్న కాల్డెరా సంస్థ ఒక ఉత్తరం ద్వారా ఒకటి నుంచి ఏడు వరకు వెర్షన్లను ఉచిత లైసెన్సు కింద విడుదల చేసింది. మరుసటి ఏడాదే అదే కంపెనీ, ఎస్‌సీఓ గ్రూప్ అని పేరు మార్చుకుని, లినక్స్‌లో యూనిక్స్ కోడ్ ఉందంటూ ఐబీఎం మీద దావా వేసింది. దీని వెంట నడిచిన మరో వ్యాజ్యంలో 2010లో జ్యూరీ, యూనిక్స్ కాపీరైట్లు అసలు ఎస్‌సీఓవి కావని, నోవెల్ సంస్థ దగ్గరే ఉన్నాయని తేల్చింది. అయితే 2002లో ఉత్తరం రాసినవారికి ఆ హక్కు ఎంతవరకు ఉన్నట్టు? దానశాసనం దొరికినప్పుడు, దానం చేసినవాడికి ఆ భూమి మీద హక్కుందా అని అడగడం మనకు అలవాటే. ఇక్కడా అదే ప్రశ్న.

ఈ కథలో మరొక ముచ్చట. యూనిక్స్ మొదటి వెర్షన్ కేంద్ర భాగపు సోర్స్ కోడ్ టేపు మీద దొరకలేదు. కాగితం మీద అచ్చు వేసిన ప్రతి ఒకటి మిగిలింది. 2008లో దాన్ని స్కాన్ చేసి, అక్షరాలు సరిచూసి, తిరిగి నడిపించగలిగారు.

డాస్: పదేళ్లలో మూడు విడుదలలు

1990ల్లో వరంగల్, హన్మకొండ, జనగామల్లో కంప్యూటర్ శిక్షణ కేంద్రాలకు వెళ్లినవారికి మొదట పరిచయమైనది నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, డాస్. దాని మూలం సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న కంపెనీలో టిమ్ ప్యాటర్సన్ 1980లో రాసిన ప్రోగ్రాం. మైక్రోసాఫ్ట్ 1981లో దాని హక్కులు కొని ఐబీఎం పీసీకి అమర్చింది.

2014 మార్చి 25న మైక్రోసాఫ్ట్ డాస్ 1.1, 2.0 వెర్షన్ల సోర్స్ కోడ్‌ను కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా బయటపెట్టింది. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదువుకున్న సత్య నాదెళ్ల ఆ సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి అయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. అందుకని ఈ విడుదల ఘనతను ఆయన ఖాతాలో వేయడం తొందరపాటు. న్యాయ పరిశీలన అవసరమైన ఇటువంటి పని కొన్ని వారాల్లో తెమలదు. పైగా 2014 నాటిది ఓపెన్ సోర్స్ విడుదల కాదు. చదువుకోవచ్చు, వ్యాపారానికి వాడకూడదు, మరెక్కడా ప్రచురించకూడదు అన్నది షరతు. అద్దాల బీరువాలో ఉంచిన తాళపత్ర గ్రంథం అనుకోండి. 2018 సెప్టెంబరులో అవే ఫైళ్లను ఎంఐటీ లైసెన్సుతో గిట్‌హబ్‌లో పెట్టినప్పుడు బీరువా తెరిచినట్టయింది. ఇది మాత్రం నాదెళ్ల కాలపు విధాన మార్పులో భాగమేనని చెప్పవచ్చు.

మూడవ విడుదల 2024 ఏప్రిల్‌లో జరిగింది. ఒక యువ పరిశోధకుడు మైక్రోసాఫ్ట్ మాజీ సాంకేతిక అధికారి రే ఓజీని పాత డాస్ గురించి అడిగాడు. ఓజీ దాచుకున్న ఫ్లాపీలతో వెతుకులాట మొదలై, ఐబీఎం అంగీకారంతో డాస్ 4.00 సోర్స్ కోడ్ ఎంఐటీ లైసెన్సు కింద వెలువడింది. కానీ గిట్‌హబ్‌లో పెట్టే క్రమంలో ఫైళ్ల అసలు తేదీలు పోయాయి. కొన్ని ఫైళ్లలో పాత పద్ధతి అక్షర సంకేతాలు కొత్త యూటీఎఫ్-8 లోకి మారిపోయి, ఉన్నది ఉన్నట్టుగా కంపైల్ కాకుండా పోయింది. పాత కంప్యూటర్ల చరిత్ర మీద పనిచేసేవారు దీన్ని గట్టిగా విమర్శించారు. ఆ విమర్శ నాకు సబబుగానే తోచింది. శాసనపు అచ్చు తీసేవాడు అరిగిన అక్షరాన్ని తనకు తోచినట్టు దిద్దితే ఎపిగ్రఫీ శాఖ ఒప్పుకుంటుందా?

ఇదంతా జరగడానికి ఇరవై ఏళ్ల ముందే, 1994లో, మైక్రోసాఫ్ట్ డాస్‌ను వదిలేయబోతోందని తెలిసి అమెరికా విద్యార్థి జిమ్ హాల్ ఫ్రీడాస్ ప్రాజెక్టు ప్రారంభించాడు. అసలు కోడ్ చూడకుండా అదే పనిచేసే వ్యవస్థను రాశారు. నేటికీ పాత డాస్ ప్రోగ్రాంలు నడపడానికి చాలామంది ఆశ్రయించేది దీన్నే. యజమాని కరుణ కోసం ఎదురుచూసిన వారికంటే తామే రాసుకున్నవారు ముందుగా గమ్యం చేరారు.

మరికొన్ని ఉదాహరణలు

గ్యారీ కిల్డాల్ 1970ల్లో రాసిన సీపీ/ఎం చేతులు మారుతూ లినియో అనే సంస్థకు చేరింది. 2001లో ఇచ్చిన అనుమతి ఒక వెబ్‌సైటుకే పరిమితమా, అందరికీనా అన్న సందేహం 2022లో మరో ఉత్తరం వచ్చేదాకా తీరలేదు. మల్టిక్స్ చివరి కంప్యూటర్ 2000లో కెనడాలో ఆగింది, సోర్స్ కోడ్ 2007లో వచ్చింది. యాపిల్ లీసా కోడ్ దాని నలభయ్యవ ఏట, 2023 జనవరిలో, అధ్యయనానికి మాత్రమే అనే షరతుతో వచ్చింది.

రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడదగినవి. సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో సొలారిస్‌లో చాలా భాగాన్ని తెరిచింది. సన్‌ను కొన్న ఒరాకిల్ 2010లో తలుపు మూసింది. అప్పటికే ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోలేరు కాబట్టి ఇల్యూమాస్ పేరుతో బయటివారు దాన్ని కొనసాగించారు. నోకియా స్మార్ట్‌ఫోన్లలోని సింబియన్ 2010 ఫిబ్రవరిలో ఓపెన్ సోర్స్ అయింది. ఏడాది తిరిగేసరికి దాన్ని నిర్వహించే ఫౌండేషన్ మూతపడింది, నోకియా కోడ్ అందుబాటును ఆపేసింది. సొలారిస్‌కు వెలుపల ఒక సముదాయం ఉంది, సింబియన్‌కు లేదు.

మన చట్టం, మన యంత్రాలు

మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాంలు సాహిత్య కృతుల నిర్వచనంలో చేరాయి. అంటే చట్టం దృష్టిలో ప్రోగ్రాం కూడా నవల లాంటిదే. రచయిత జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్లు రక్షణ. ప్రభుత్వ రంగ సంస్థలు తొలి హక్కుదారులైన కృతులకు 28ఎ సెక్షన్ ప్రకారం ప్రచురణ నుంచి 60 ఏళ్లు. అమెరికాలో ఉద్యోగులు సంస్థ కోసం రాసిన కృతికి సాధారణంగా ప్రచురణ నుంచి 95 ఏళ్లు. ఆ లెక్కన 1983లో వచ్చిన డాస్ 2.0 యజమాని తెరవకపోతే 2078 చివరి వరకు మూసే ఉండేది. అప్పటికి ఏ ఫ్లాపీ మిగలదు.

ఈ సెక్షన్లు హైదరాబాదుకు నేరుగా వర్తిస్తాయి. 1967లో అక్కడ స్థాపించిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అదే మన ఈసీఐఎల్, దేశీయంగా కంప్యూటర్లు తయారుచేసింది. 1969 నాటి టీడీసీ-12, 1970ల్లో వచ్చిన 16 బిట్‌ల టీడీసీ-316 ఆ వరుసలోవి. ఇవి ప్రజాధనంతో నడిచే సంస్థలో పుట్టిన యంత్రాలు. తెలుగు నేల మీద కంప్యూటర్ చరిత్ర రాయాలంటే మొదటి అధ్యాయం వీటిదే కావాలి. అటువంటి యంత్రం కోసం 1975లో ప్రచురితమైన ప్రోగ్రాం ఉంటే, పై లెక్కన రక్షణ 2035 చివరికి ముగుస్తుంది. అంతవరకు ఆగనవసరం లేదు. 21వ సెక్షన్ ప్రకారం హక్కుదారు కాపీరైట్‌ను స్వచ్ఛందంగా వదులుకోవచ్చు. 2012 సవరణ తరువాత బహిరంగ ప్రకటన ఇచ్చి కూడా ఆ పని చేయవచ్చు. 2015లో కేంద్ర ప్రభుత్వం ఓపెన్ సోర్స్ వినియోగ విధానాన్నీ, ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను తెరిచే విధానాన్నీ ప్రకటించింది. వాటి చూపు కొత్త సాఫ్ట్‌వేర్ మీద ఉంది. పాతదాని కోసం అడగవలసింది చరిత్ర శాఖలవారే.

యజమాని దొరకకపోయినా కొంత వెసులుబాటు ఉంది. 1999 సవరణతో 52వ సెక్షన్‌లో చేరిన నిబంధనల ప్రకారం, వేరే ప్రోగ్రాంతో కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం మరో విధంగా సులభంగా దొరకనప్పుడు, చట్టబద్ధంగా కొన్నవారు ప్రోగ్రాంను విశ్లేషించి దాన్ని రాబట్టుకోవచ్చు.

తెలుగు అక్షరం దగ్గర

మన జిల్లాల్లో ఈ సమస్య ఎక్కువగా ఎదురయ్యేది డీటీపీ కేంద్రాల్లో. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తయారైన తెలుగు ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షర ఖండాలను అమర్చుకున్నాయి. ఏ స్థానంలో ఏ ఖండం అన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీదే. ఫాంటు లేకుండా ఆ ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు కనబడతాయి. అనేక ప్యాకేజీలకు హార్డ్‌వేర్ లాక్ కూడా ఉండేది. పెళ్లిపత్రికలు పోతే పోనీయండి. సావనీర్లు, సాయుధ పోరాటం మీద స్థానికులు వేయించుకున్న చిన్న పుస్తకాలు, బతుకమ్మ పాటల సేకరణలు ఇలాగే పేజ్‌మేకర్ ఫైళ్లుగా సీడీల్లో ఉండిపోయాయి. ఒక గ్రామ చరిత్ర రెండవ ముద్రణకు నన్ను ముందుమాట అడిగినవారు, పాత ఫైలు తెరుచుకోక పుస్తకమంతా మళ్లీ టైపు చేయించారు.

దీనికి భిన్నమైన దారి కూడా తెలుగులోనే ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన యూనికోడ్ ఫాంట్లు పోతన, వేమన జీపీఎల్ లైసెన్సుతో వచ్చి, డెబియన్ వంటి లినక్స్ పంపిణీల్లో భాగమయ్యాయి. మండలి, రామభద్ర, మల్లన్న, గిడుగు వంటి ఫాంట్లను సిలికానాంధ్ర ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో అందించింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ లినక్స్ ఆధారంగా తెలుగు తెరలతో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. డాస్, లీసా చనిపోయాక తెరుచుకున్నాయి. ఇవి బతికి, వాడుకలో ఉన్నప్పుడే తెరుచుకున్నాయి.

పోతన పేరు ఇక్కడ యాదృచ్ఛికంగానే తగిలినా, జనగామ జిల్లా బమ్మెర గ్రామస్థులకు చెప్పదగిన పోలిక ఒకటుంది. భాగవతాన్ని తనకు అంకితమివ్వలేదని సింగభూపాలుడు దాన్ని పాతిపెట్టించాడనీ, బయటికి తీసేనాటికి కొంత శిథిలమైందనీ ఒక కథ ఉంది. దానికి చారిత్రక ఆధారం లేదు. అయితే పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠ స్కంధాన్ని ఏర్చూరి సింగన, చివరి రెండు స్కంధాలను వెలిగందల నారయ రచించారన్నది సాహిత్య చరిత్ర అంగీకరించిన విషయం. పూరించినవారి పేర్లు కూడా స్కంధాల చివరి గద్యల్లో నమోదై ఉన్నాయి. ఎవరు ఏ భాగం రాశారో దాచకుండా చెప్పే ఆ గద్య పని, సోర్స్ కోడ్ ఫైళ్ల మొదట ఉండే హక్కుల ప్రకటన పని ఒకటే.

జిల్లా చరిత్రను ప్రాజెక్టుగా ఎంచుకునే విద్యార్థులు పాత డిజిటల్ పత్రం దొరికినప్పుడు అసలు ఫైలును కదపకుండా ఒక ప్రతి తీసి ఆ ప్రతి మీదే పనిచేయాలి. యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఒత్తుల దగ్గర తరచుగా తడబడతాయి కనుక మార్చిన పాఠాన్ని అచ్చుప్రతితో పోల్చి చూడాలి. ప్రాజెక్టు అనుబంధంలో ఫైలు పేరు, దానిలో కనిపించే తేదీ, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద, ఏ ప్రోగ్రాంలో, ఏ వెర్షన్‌లో, ఏ ఫాంటుతో తయారైందో రాయాలి. డీటీపీ చేసినవారు ఆ ఊళ్లోనే ఉంటే ఈ వివరాలు వారిని అడిగి ఇప్పుడే రాసుకోవాలి.